ఇరుక్కున్న చోటే రాసుకోండి

మా ఇల్లు సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో. మొదటిసారి వచ్చేవాళ్లకి ఫోనులో దారి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. "జేమ్స్ స్ట్రీట్ మీద నేరుగా వచ్చెయ్యండి" అంటాం. వాళ్లు బోర్డులు చదువుకుంటూ వస్తారు. బోర్డుల మీద మహాత్మా గాంధీ రోడ్డు అని ఉంటుంది. జేమ్స్ స్ట్రీట్ అన్న పేరు ఇప్పుడు ఎంఎంటీఎస్ స్టేషనుకి మిగిలింది, మా నాలుక మీద మిగిలింది. "ప్యారడైజ్ దాటాక" అంటాం. మా పెద్దవాళ్లకి ప్యారడైజ్ అంటే సినిమా హాలు. ఆ హాలు ఎప్పుడో పోయింది. అక్కడ 1953లో మొదలైన హోటలు ఉంది, చౌరస్తా ఉంది, మెట్రో స్టేషను ఉంది, మూడింటినీ అదే పేరుతో పిలుస్తాం. "గడియారం ఉన్న పాత పోలీస్ ఠాణా తెలుసు కదా" అని కూడా అంటాం. అది తెలిసిన మనిషైతే దారి అడగడానికి ఫోనే చెయ్యడు.

దారి చెప్పేవాళ్లలో కపటం ఏమీ లేదు. భోజనం వేళకి అతిథి ఇల్లు చేరాలనే వాళ్లకీ ఉంటుంది. కాకపోతే ఆ దారిలో ముప్పై ఏళ్లుగా నడిచి నడిచి, అందులో మలుపులు ఉన్నాయన్న సంగతి మనసులోంచి జారిపోయింది. కాళ్లు వాటంతటవే తిరుగుతాయి. తిరిగినట్టు నోటికి తెలియదు.

ఈ పుస్తకం చదివే కుర్రవాళ్లు, ముఖ్యంగా డిగ్రీ చదువుతున్న పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఓపెన్ సోర్స్‌లో పని చెయ్యాలని ఉంది సార్, కానీ నాకు కోడింగ్ అంతగా రాదు. నేనేం చెయ్యగలను?" ఉచితంగా దొరికే, ఎవరైనా విప్పి చూసి బాగుచెయ్యగలిగే సాఫ్ట్‌వేర్లకి ఏదైనా సాయం చెయ్యాలన్న కోరిక మంచిది. దానికి నా జవాబు ఈ అధ్యాయం. ఆ సాఫ్ట్‌వేర్ మీకు తెలియకపోవడమే మీ దగ్గరున్న పెట్టుబడి. అది తెలిసినవాళ్ల దగ్గర దొరకదు, డబ్బు పెట్టినా దొరకదు.

ఇలాంటి ప్రాజెక్టులు చాలా ఉండే గిట్‌హబ్ అనే సైటు వాళ్లు 2017లో ఓపెన్ సోర్స్ మనుషుల మీద పెద్ద సర్వే చేశారు. ఐదున్నర వేల మంది జవాబిచ్చారు. అందులో నూటికి 93 మంది, తమకి ఎదురయ్యే సమస్య అరకొరగానో అయోమయంగానో ఉన్న డాక్యుమెంటేషన్, అంటే ఎలా వాడాలో చెప్పే రాతలు, అన్నారు. అదే సర్వేలో, ఈ ప్రాజెక్టులకి పనిచేసేవాళ్లలో నూటికి 60 మంది తాము డాక్యుమెంటేషన్ జోలికి ఎప్పుడూ పోమనో, ఎప్పుడో గాని పోమనో ఒప్పుకున్నారు. అందరికీ అవసరమైన పని, చేసేవాళ్లు తక్కువ. కొత్తవాళ్లకి ఇంతకన్నా తెరిచి ఉన్న తలుపు ఇంకెక్కడ దొరుకుతుంది?

గంటా ఇరవై నిమిషాలు

పోయినేడు వేసవిలో మా పక్కింటి అమ్మాయి ఒక పాత లాప్‌టాప్ కొనుక్కుంది. బీకాం రెండో సంవత్సరం. ప్యారడైజ్ అవతల పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, జంటనగరాల్లో కంప్యూటర్ సామాను అంటే అందరూ వెళ్లే చోటు, అక్కడ కొంది. అందులో ఉబుంటు 22.04 అనే లినక్సు వేసి ఇచ్చారు. కాలేజీ పత్రికకి తెలుగులో టైప్ చెయ్యాలి, ఎలాగని నన్ను అడిగింది. వలంటీర్ల కోసం నేనే ఎప్పుడో రాసిన పేజీ ఒకటి ఉంది: లినక్సులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం ఎలా అని. ఆరు వాక్యాలు. పైన "ఐదు నిమిషాల పని" అని కూడా రాశాను. ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. పక్కన కుర్చీ వేసుకుని, చేతిలో నోటుబుక్కు పట్టుకుని, ఏం జరిగినా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మొదటి వాక్యం: "టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి." ఆమె తెరంతా వెతికింది. ఫైళ్ల బొమ్మ మీద నొక్కింది, చెత్తబుట్ట మీద నొక్కింది. "టెర్మినల్ ఏడుంటది అంకుల్?" అంది. నేను మాట్లాడలేదు. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే నల్లటి కిటికీ తెరుచుకుంటుందని నాకు తెలుసు. నా పేజీలో ఆ ముక్క లేదు. చివరికి అప్లికేషన్ల జాబితాలో ఒక్కొక్కటీ చదువుతూ పోయి పట్టుకుంది.

రెండోది కమాండ్. నా పేజీలో ఆ వరుస మొదట్లో డాలర్ గుర్తు ఉంది. టెర్మినల్‌లో డాలర్ గుర్తు ముందే ఉంటుంది, దాని తర్వాత టైప్ చెయ్యాలి అని సూచించడానికి మాబోటివాళ్లం అలా రాస్తాం. ఆమె డాలరుతో సహా వరుసంతా కాపీ చేసి అతికించింది. అలాంటి కమాండ్ లేదని టెర్మినల్ చెప్పింది. మళ్లీ చేసింది. అదే జవాబు. నాలుగోసారి విసుగొచ్చి మొత్తం చేత్తో కొట్టింది, అప్పుడు డాలర్ రాలిపోయింది. పని జరిగింది గానీ ఎందుకు జరిగిందో ఆమెకి అర్థం కాలేదు.

మూడోది నేను ఇప్పటికీ మర్చిపోలేను. టెర్మినల్ పాస్‌వర్డ్ అడిగింది. ఆమె కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. అక్షరం లేదు, చుక్క లేదు, నక్షత్రం లేదు. పక్కనుంచి ఎవరూ చూడకుండా, ఎన్ని అక్షరాలో కూడా లెక్కపెట్టకుండా ఉండటానికి లినక్సు టెర్మినల్ అలా దాచిపెడుతుంది. మాకు అది గాలి పీల్చినంత అలవాటు. ఆమె మాత్రం ఆగిపోయింది. ఇంకో కిటికీ తెరిచి అక్షరాలు కొట్టి చూసింది, పడుతున్నాయి. మళ్లీ టెర్మినల్‌కి వచ్చింది, పడటం లేదు. "అంకుల్, కీబోర్డ్ ఖరాబైంది గావచ్చు. పాతది కొనొద్దని మా డాడీ ముందే అన్నడు" అంది. గొంతు మారింది. ఆ లాప్‌టాప్ కోసం ఆమె సంవత్సరం పాటు చిన్న పిల్లలకి ట్యూషన్లు చెప్పింది. నా పేజీలో ఒక్క వాక్యం తక్కువైనందుకు, ఆ డబ్బంతా పోయిందేమోనని ఒక పావుగంట భయపడింది.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, అక్కడ చెప్పేశాను. కనపడకపోయినా కొట్టి ఎంటర్ నొక్కమన్నాను.

మిగతావి త్వరగా చెబుతాను. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ దిగింది. సెట్టింగ్స్‌లో తెలుగు కలపమని నా తర్వాతి వాక్యం. అక్కడ కొన్ని భాషలే కనిపిస్తాయి, కింద ఉన్న మూడు చుక్కలు నొక్కితే మిగతావి తెరుచుకుంటాయి. చుక్కల సంగతి నేను రాయలేదు. తెలుగు దొరికినా, అందులో ఆమెకి కావలసిన, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి లేదు. ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అయితే వస్తుంది, అదీ రాయలేదు. చివరి వాక్యంలో "సూపర్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది" అని ఉంది. ఆమె కీబోర్డు మీద సూపర్ అని రాసి ఉన్న మీట లేదు. దాదాపు ఎవరి కీబోర్డు మీదా ఉండదు. కిటికీ గుర్తు ఉన్న మీటనే లినక్సువాళ్లం సూపర్ అంటాం, అచ్చం మహాత్మా గాంధీ రోడ్డుని మేం జేమ్స్ స్ట్రీట్ అన్నట్టు.

మొత్తం గంటా ఇరవై నిమిషాలు పట్టింది. నా నోటుబుక్కులో ఆరు చోట్లు నమోదయ్యాయి. పేజీలో ఉన్నవి ఆరు వాక్యాలే.

ఆ ఆరింటిలో ఒక్కదాన్ని కూడా నా అంతట నేను కనిపెట్టలేను. ఇది వినయం కొద్దీ అంటున్న మాట కాదు, అనుభవం మీద చెబుతున్నాను. ఆ పేజీని నేను కనీసం పదిసార్లు సరిచూశాను. అచ్చుతప్పులు దిద్దాను, లింకులు మార్చాను. మలుపులు కనపడలేదు.

పాత పీసు పట్టుకురండి

మా పేటని ఆనుకునే రాణిగంజ్ ఉంది. మోటార్లు, పంపులు, బేరింగులు, పైపులు, నట్లు, బోల్టులు అన్నీ దొరుకుతాయి. ఊళ్లలోంచి వచ్చిన రైతు కొట్టు ముందు నిలబడతాడు. పంపులో ఏదో అరిగిపోయింది. దాని పేరు ఆయనకి తెలియదు. కొట్టతను పేరు అడగడు. "పాత పీసు తెచ్చినవా?" అంటాడు. జేబులోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన నల్లటి ముక్క బల్ల మీద పెడితే, తిప్పి చూసి, లోపలికెళ్లి అలాంటిదే తెస్తాడు. తేకపోతే ఇంకో ప్రశ్న: "అది ఏడ బిగిస్తరు?" పేరు తెలియకుండానే బేరం పూర్తవుతుంది.

సాఫ్ట్‌వేర్ పుస్తకాలు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మొదటి మాన్యువల్ తెచ్చారు. అందులో కమాండ్లు అక్షరక్రమంలో ఉంటాయి. పేరు తెలిస్తే క్షణంలో పేజీ దొరుకుతుంది. అది గొప్ప పుస్తకం, ఆ తీరు ఈనాటికీ నడుస్తోంది. కానీ అది కొట్టు లోపల పనిచేసేవాళ్ల అలమర. బయట రుమాలు మూటతో నిలబడ్డ మనిషికి ఇంకో రకం పుస్తకం కావాలి.

కాబట్టి కొత్తవాళ్ల కోసం రాసే పేజీలో, వాళ్ల చేతిలో ఉండేది ఏదో అది కనిపించాలి. వాళ్ల చేతిలో ఉండేది తెర మీద పడ్డ ఎర్రర్ మాట. దాన్ని అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. "కమాండ్ పనిచేయకపోవచ్చు" అని మీ మాటల్లో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఆ మాటని ఎవరూ వెతకరు. తెర మీద పడిన వరుసని కాపీ చేసి వెతుకుతారు. అదే వరుస మీ పేజీలో ఉంటే నేరుగా అక్కడికి చేరతారు. దాని కింద: ఇలా ఎందుకు వస్తుంది, ఏం చెయ్యాలి. రెండు వాక్యాలు చాలు.

మీరు ఎక్కడైనా ఇరుక్కుంటే, మొట్టమొదట చెయ్యాల్సిన పని కూడా ఇదే. ఆ తెరని అలాగే ఆపండి. ఫోనుతో ఫోటో తీయండి, ఆ వరుసని ఒక ఫైల్లో అతికించండి. ముందు ఏం చేశారో, ఏం జరుగుతుందని అనుకున్నారో, ఏం జరిగిందో రాసుకోండి. తర్వాత రాద్దాంలే అనుకోకండి. తెలియనితనానికి పాలప్యాకెట్ మీద ఉన్నట్టే ఒక తేదీ ఉంటుంది. దారి దొరికిన మర్నాటికి, అసలు దారి తప్పామన్న సంగతే మనసు చెరిపేస్తుంది. వారానికి "ఇందులో ఏముంది" అనిపిస్తుంది. అనిపించిన రోజున మీరు మాలాంటివాళ్లే.

తెలుగువాళ్లు బాగా చేసిన పని

పరాయి ప్రాజెక్టుల గురించి చెప్పే ముందు, మన భాషలో ఈ పని ప్రేమగా చేసిన చోటు ఒకటి చూపించాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. మొదలుపెట్టింది వెన్న నాగార్జున. ఆ రోజుల్లో అసలు అడ్డంకి వ్యాసం రాయడం కాదు, కంప్యూటర్లో తెలుగు అక్షరం పడటం. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, ఒకటి ఇంకోదానికి అర్థం కాదు. నాగార్జునే వాటిని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణం తయారుచేశారు. 2006లో వీవెన్ లేఖిని తెచ్చాక, ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు వచ్చే సదుపాయం బ్రౌజరులోనే దొరికింది. అంటే కొత్తవాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నాడని గమనించి, ఆ మెట్టు దగ్గర పనిచేశారు.

అందుకే తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవారికి వచ్చే స్వాగత సందేశంలో "5 నిమిషాల్లో వికీ" అని ఒక లింకు, తెలుగులో రచనలు చెయ్యడం ఎలాగో చెప్పే లింకు ఉంటాయి. అక్కడి పేర్లు చూడండి. కొత్తవాళ్లు చేతులు పెట్టి చెడగొట్టినా పర్వాలేదని వదిలేసిన పేజీ పేరు ప్రయోగశాల. అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటు రచ్చబండ. రెండు మూడు వాక్యాలతో ఆగిన వ్యాసం పేరు మొలక.

ఈ ఆఖరి మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఇంగ్లీషు వికీపీడియా అలాంటి వ్యాసాన్ని పిలిచే మాటకి చెట్టు కొట్టేశాక మిగిలిన మొద్దు అనే అర్థం కూడా ఉంది. మనవాళ్లు దాన్ని మొలక అన్నారు. మొద్దుని చూసి ఎవరూ నీళ్లు పొయ్యరు. మొలకని చూస్తే చెంబెడు పోస్తారు. ఏం చెయ్యాలో వివరించే పేజీ చదవకముందే పేరే సగం చెప్పేసింది. రచ్చబండ సంగతీ అంతే. సహాయ కేంద్రం అంటే చీటీ పట్టుకుని వరుసలో నిలబడాలేమో అనిపిస్తుంది. రచ్చబండ దగ్గరికి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఊరికే వినొచ్చు. మంచి పేరు పెట్టడం డాక్యుమెంటేషన్‌లో మొదటి భాగమని నా నమ్మకం.

పేర్ల మాట వచ్చింది కనుక ఇంకొక్కటి. హైదరాబాద్ వలంటీర్లు స్వేచ్ఛ పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. మెనూలు తెలుగులో. అలాంటి పనికి దిగిన ప్రతివారికీ ఎదురయ్యే చిక్కు ఒకటే: ఫైలు అనాలా, దస్త్రం అనాలా? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చదివేవారి తెర మీద ఏ మాట ఉంటే ఆ మాటే మీ పేజీలో రాయండి. తెర ఇంగ్లీషులో ఉంటే "సెట్టింగ్స్" అనే రాయండి, "అమరికలు" అని రాస్తే ఆయన ఆ మాట కోసం తెరంతా వెతుకుతాడు. తెర తెలుగులో ఉంటే అక్కడున్న తెలుగు మాట రాయండి. భాషాభిమానం చూపించడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. దారి చెప్పేటప్పుడు మాత్రం బోర్డు మీద ఉన్న పేరే చెప్పాలి.

రాయడానికి కూర్చున్నప్పుడు

అమ్మమ్మ ముగ్గు నేర్పడం గుర్తు చేసుకోండి. ముందు చుక్కలు పెట్టిస్తుంది. ఐదు, ఐదు. తర్వాత ఈ చుక్క నుంచి ఆ చుక్కకి గీత లాగమంటుంది. పది నిమిషాల్లో వాకిట్లో ఒక పువ్వు. సరిచుక్కలేమిటి, సందుచుక్కలేమిటి, ఏ పండక్కి ఏ ముగ్గు అన్న కబుర్లన్నీ తర్వాత. గీత లాగుతున్న పిల్ల చెయ్యి పట్టుకుని మధ్యలో చరిత్ర చెప్పదు.

డానియేలే ప్రోచిదా అనే ఆయన డాక్యుమెంటేషన్ గురించి చెప్పిన సంగతి ఇదే వైపు పోతుంది. డయాటాక్సిస్ అని దానికి పేరు పెట్టారు. చెయ్యి పట్టి నేర్పే పాఠం, ఒక పని పూర్తి చేసుకునే విధానం, వెతుక్కోవడానికి సమాచార పట్టిక, ఎందుకలా అన్న వివరణ, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పేజీలంటారు. కలిపితే చెడతాయి. నేను చూసినంతలో ఎక్కువగా చెడేది మొదటిదే. పాఠంలోకి వివరణ దూరుతుంది. రాసేవారికి తెలిసినదంతా చెప్పాలన్న ఆరాటం, చదివేవాడి చెయ్యి మాత్రం గాలిలో ఆగి ఉంటుంది.

పాఠం మొదట్లోనే పొయ్యి మీద ఏం పెట్టబోతున్నామో చెప్పేయండి: ఏ సిస్టమ్ మీద సరిచూశారు, ఏ తేదీన, ఎంత డౌన్‌లోడ్ అవుతుంది, ఎంతసేపు పడుతుంది. సెల్‌ఫోన్ డేటా మీద బతికే పిల్లలకి ఎన్ని ఎంబీలన్నది చిన్న విషయం కాదు. ఒక వాక్యానికి ఒకే పని. ఆ పని చేశాక తెర మీద ఏం కనపడాలో వెంటనే రాయండి. ఏమీ కనపడకపోవడమే సరైతే, ఏమీ కనపడదు అని రాయండి. మా పక్కింటి అమ్మాయికి కావలసింది ఆ వాక్యమే.

వెనక్కి వచ్చే దారి కూడా రాయండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. కొత్తవాళ్ల వేలు ఎంటర్ మీట మీద ఆగిపోయేది అర్థం కాక మాత్రమే కాదు. ఇది నొక్కితే ఏదైనా పాడైపోతుందా, పోతే బాగు చేయించడానికి డబ్బెక్కడ తేవాలి అన్న భయం వల్ల. "వేసుకున్నది వద్దనుకుంటే ఇలా తీసెయ్యొచ్చు, మీ ఫైళ్లకి ఏమీ కాదు" అని ఒక్క వరుస ఉంటే ఆ వేలు కిందికి దిగుతుంది. ఆ వరుస నిజం కావాలి సుమా, మీరు తీసేసి చూసి రాయాలి.

కొన్ని మాటలు కొట్టేయండి. "చాలా సింపుల్", "జస్ట్ ఇలా చేస్తే చాలు", "అందరికీ తెలిసిందే". వాటివల్ల ఎవరికీ పని సులువు కాలేదు. ఇరుక్కున్నవాడికి మాత్రం ఇది అందరికీ వస్తుంది, నాకే రాలేదు అన్న దిగులు కలుగుతుంది. నా పేజీ మీద "ఐదు నిమిషాల పని" అని రాసిన ముక్క అలాంటిదే. తీసేశాను.

రాసినదాన్ని మీ సొంత ఖాతాలో సరిచూడకండి. అందులో ఇప్పటికే సగం సామాను దిగి ఉంటుంది. లాప్‌టాప్‌లో ఇంకో కొత్త ఖాతా తెరవండి, కుదిరితే పెన్‌డ్రైవ్ మీద కొత్త లినక్సు పెట్టి దాంతో మొదలుపెట్టండి. ఆపైన ఒక మనిషిని కూర్చోబెట్టండి. తమ్ముడో, పిన్నికూతురో, ఎవరైనా సరే, ఆ సాఫ్ట్‌వేర్ ముఖం చూడనివాళ్లు. పక్కన మీరు నోటుబుక్కుతో ఉండండి, మాట్లాడకండి. ఇది చెప్పినంత తేలిక కాదు. పక్కవాడు తప్పు బటన్ వైపు మౌస్ జరుపుతుంటే మన నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మూసుకోవాలి. మీరు ఇంట్లో కూర్చుని చెప్పేసిన మాట, రేపు ఖమ్మంలోనో కాకినాడలోనో ఒంటరిగా చదివేవాడికి వినపడదు.

2014లో బెర్లిన్‌లో ఇద్దరు పోలెండ్ అమ్మాయిలు, ఓలా సిటార్స్కా, ఓలా సెండెట్స్కా, జాంగో గర్ల్స్ అనే శిబిరం పెట్టారు. ప్రోగ్రామింగ్ అసలు తెలియని ఆడపిల్లలకి వెబ్‌సైట్ కట్టడం నేర్పే పాఠం రాశారు. అది జాంగోతో, అంటే వెబ్‌సైట్ కట్టే ఆ సాధనంతో, మొదలవదు. ఇంటర్నెట్ అంటే ఏమిటో చెప్పి, టెర్మినల్ ఎలా తెరవాలో విండోస్‌కి వేరుగా, మ్యాక్‌కి వేరుగా, లినక్సుకి వేరుగా చెబుతుంది. అంత కిందినుంచి మొదలుపెట్టారు కాబట్టే ఆ పాఠం ఎన్నో దేశాలు తిరిగింది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది.

పంపించడం

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. రాశాం సరే, ఇంత పెద్ద ప్రాజెక్టుకి ఎలా ఇవ్వాలి? ఫైళ్లలో మార్పుల లెక్క చూసే గిట్ అనే ఉపకరణం నేర్చుకోవాలేమో అని బెదిరిపోతారు. నేర్చుకుంటే మంచిదే గానీ మొదటి సవరణకి అది అక్కర్లేదు. గిట్‌హబ్‌లో ఉండే ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్ చాలావరకు మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఖాతా తెరిచి, ఆ ఫైలు తెరిస్తే పైన పెన్సిల్ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే ముందు మీ పేరుతో ఒక నకలు తయారుచేసుకోమంటుంది. ఆ నకలుని బ్రౌజరులోనే మార్చి, మార్పుని ప్రతిపాదించే బటన్ నొక్కండి. అక్కడినుంచి పుల్ రిక్వెస్ట్ అనే అర్జీ, ప్రాజెక్టు నడిపేవాళ్లకి వెళ్తుంది. అంతకుముందు కంట్రిబ్యూటింగ్ అని ఫైలు ఏదైనా ఉందేమో చూసి చదవండి, వాళ్ల ఇంటి కట్టుబాట్లు అందులో ఉంటాయి.

మొదటిసారి ఒక్క వాక్యమే పంపండి. పేజీ మొత్తం తిరగరాసి పంపితే, నడిపేవాళ్లు అది చదవడానికే భయపడతారు. వాళ్లు కూడా పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి ఈ పని చూసేవాళ్లే. మీ అర్జీలో "మీ పేజీ బాగాలేదు" అని రాయకండి. "ఉబుంటు 22.04 మీద, ఈ తేదీన, ఈ మూడో మెట్టు దగ్గర నేను ఆగిపోయాను, తెర మీద ఇది కనిపించింది, ఈ వాక్యం ఉంటే ఆగేదాన్ని కాదు" అని రాయండి. పాత పీసు బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది. దానితో ఎవరూ వాదించరు. జవాబు వారానికి రావచ్చు, రెండు నెలలకి రావచ్చు. రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తు చెయ్యండి. కాదన్నా నిరాశ వద్దు, ఎందుకు కాదన్నారో అడిగితే సాధారణంగా చెబుతారు. ఒక్కోసారి వాళ్లు చెప్పే కారణం మీకు తెలియని ఇంకో మలుపు చూపిస్తుంది.

మా పక్కింటి అమ్మాయి ఆ రోజు సాయంత్రమే నా పేజీ దిద్దింది. డాలర్ తీసేసింది. సూపర్ పక్కన "కిటికీ గుర్తు ఉన్న మీట" అని కలిపింది. పాస్‌వర్డ్ దగ్గర ఆమె రాసిన వాక్యం ఇది: "ఇక్కడ మీరు కొట్టేది తెర మీద కనపడదు, కీబోర్డు బాగానే ఉంది, కొట్టి ఎంటర్ నొక్కండి." కీబోర్డు బాగానే ఉంది అన్న ముక్క నాకు జన్మలో తట్టేది కాదు.

దసరా సెలవులకి జనగామ నుంచి వాళ్ల చిన్నాన్న కొడుకు వచ్చాడు. వాడికీ తెలుగు కీబోర్డు కావాలట. ఇద్దరూ మా వరండాలో కూర్చున్నారు. "ముందు టెర్మినల్ ఓపెన్ చెయ్‌రా" అంది. వాడు తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "అక్కా, టెర్మినల్ అంటే ఏంది?" అన్నాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఇంకేం మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లి, నా బల్ల మీదున్న నోటుబుక్కు, పెన్ను పట్టుకొచ్చి వాడి పక్కన కూర్చుంది.